చివర పెట్టిందే ముందు దొరకాలి

3వ తేదీ, సోమవారం

ఈరోజు గెలిచాను. ముందా మాట రాసుకుని తర్వాత మిగతాది రాస్తాను.

మూడు నెలలు కూర్చుని గీసిన పాఠం ఇవాళ ఆసుపత్రి టాబ్‌లలోకి ఎక్కింది. మూడే నిమిషాల పాఠం. ఆపరేషన్‌కి కావలసిన పద్నాలుగు పనిముట్లు స్క్రీన్ మీద చెల్లాచెదురుగా ఉంటాయి. వరస ఒకసారి చూపించి మళ్ళీ చెదిరిపోతాయి. అప్పుడు ఒక్కొక్కదాన్నీ వేలితో లాగి ట్రేలో వరసగా పెట్టాలి. సరిగ్గా పెడితే పచ్చగా వెలుగుతుంది, తప్పితే ఎర్రబడి గుర్రుమంటుంది. ఆ పనిముట్లు ట్రేల్లో సర్ది మూట కట్టే ప్యాకింగ్ గదిలో వాళ్ళకి గంటసేపు క్లాసు వినే తీరిక ఎక్కడిది? పనిముట్లను ఆవిరిలో ఉడికించే ఆటోక్లేవ్ చల్లారేలోపు దొరికే కాసిని నిమిషాలే వాళ్ళవి. ఆ కాసేపట్లో బుర్రకెక్కే పాఠం కావాలని మేట్రన్ గారు అడిగారు. చేసి చూపించాను.

మా మూడో అంతస్తులో అందరిచేతా ఆడించాను. గుమాస్తాకి పద్నాలుగుకి పద్నాలుగు. రిసెప్షన్ అమ్మాయికి పద్నాలుగు. మేట్రన్ గారు కళ్ళజోడు ముక్కు కొసకి దించి, ఒక్కొక్కటే లాగి, పద్నాలుగూ తెచ్చుకుని "ఊ" అన్నారు. ఆవిడ "ఊ" అంటే ఇంకొకరు చప్పట్లు కొట్టినట్టు.

ఇంటికి రాగానే వదినకు చెప్పాను. రేపటి నుంచి నా పాఠం మీ గదికే వస్తోంది, చూసుకో అన్నాను. వదిన పంతొమ్మిదేళ్ళుగా ఆ ప్యాకింగ్ గదిలోనే ఉంది. అన్నయ్య వద్దంటున్నా పోట్లాడి నన్ను బొమ్మల కోర్సులో చేర్పించింది తనే. నా పాత ఆఫీసు మూతపడితే, మా ఆసుపత్రిలో బొమ్మలు గీసేవాళ్ళు కావాలట అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందీ తనే. నా పాఠం తన చేతిలోకి వెళ్ళడం చూడాలని ఎప్పటి నుంచో ఆశ.

చాలా సంతోషంగా ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ ఇది నిజంగానే ముద్దుగా వచ్చింది.

5వ తేదీ, బుధవారం

ప్యాకింగ్ గది మార్కులు వచ్చాయి. అక్కడున్నది ఐదుగురు. చేరి పది రోజులు కూడా కాని కొత్తమ్మాయికి పద్నాలుగు. పాతవాళ్ళు నలుగురికీ కలిపి రెండు. వదినకు సున్నా.

మేట్రన్ గారు మార్కుల కాగితం చూసి "ఊ" అనలేదు. సాయంత్రానికి నోటీసు అంటించారు. ఇరవై ఎనిమిదో తేదీలోపు మూడుసార్లు పరీక్ష, కనీసం పది రాని వాళ్ళు లాండ్రీకి వెళ్ళి దుప్పట్లు మడతపెట్టాలి. చదువుకున్న కొత్త పిల్లలు వాళ్ళ చోట్లోకి వస్తారు.

ఇంట్లో వదిన అన్నం వడ్డిస్తూ, ఈ వరస మాది కాదని మెల్లిగా అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వదినా అనేశాను. నవ్వుతూనే అన్నాను. వదిన నవ్వలేదు. అన్నయ్య పేపర్లోంచి తల ఎత్తకుండా "ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా" అని గొణిగాడు.

6వ తేదీ, గురువారం

పాఠంలో తప్పు లేదు. మూడో అంతస్తులో అందరికీ వచ్చిందంటే పాఠంలో తప్పు లేదనే కదా.

9వ తేదీ, ఆదివారం

మూడు రోజులూ మార్పులే. బొమ్మలు పెద్దవి చేశాను. రంగులు ముదురు చేశాను, వదినకు చత్వారం కదా. చదవక్కర్లేకుండా ప్రతి పనిముట్టు పేరూ నా గొంతుతో చెప్పించాను. ఇంతకన్నా ఎవరు మాత్రం ఏం చేస్తారు.

పొద్దున్నే వదినను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి టాబ్ చేతికిచ్చాను. మొదట లాగాల్సింది కత్తి పిడి. వదిన వేలు తిన్నగా కుట్లు వేసే సూది పటకారు దగ్గరికి పోయింది. అది చిట్టచివరిది. గుర్రుమంది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ సూది పటకారే. మూడోసారి నేనే తన వేలు పట్టుకుని కత్తి పిడి మీద పెట్టాను. వేలు కర్రలా బిగుసుకుపోయింది.

"నా చెయ్యి రాదే" అంది.

చెయ్యి రాకపోవడం ఏమిటి? అది భయం. కొత్త వస్తువంటే పాతవాళ్ళకి ఉండే భయం. దీని గురించి నేను చదివాను కూడా. ఓర్పుగా చెప్పాలని ఉంది అందులో. ఓర్పుగానే చెప్పాను. చివర్లో టాబ్ కొంచెం గట్టిగా బల్ల మీద పెట్టి ఉంటాను, అంతే.

11వ తేదీ, మంగళవారం

రెండో పరీక్ష. వదినకు మళ్ళీ సున్నా. మిగతా పాతవాళ్ళలో ఒకావిడ వరస బట్టీ పట్టి తొమ్మిది తెచ్చుకుంది.

కొత్తమ్మాయి మార్కులు మేట్రన్ గారు ఫోన్‌లో ఎవరెవరికో చెప్పారు. మా యాజమాన్యానికే ఉన్న ఇంకో మూడు ఆసుపత్రుల్లోనూ ఈ పాఠం పెడతారట. ఇరవై ఎనిమిదిన పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి చూస్తారట. నాకు సంతోషంగానే ఉంది.

12వ తేదీ

సంతోషంగానే ఉంది. పాఠంలో తప్పు లేదు.

15వ తేదీ, శనివారం

ఐదున్నరకల్లా ఇంట్లో ఉండే వదిన, వారం నుంచి ఏడింటికి వస్తోంది. నేనూ అన్నయ్యా తినేస్తున్నాం. ఏమిటి ఆలస్యమంటే "పని" అంటుంది. నా మీద కోపం, అంతే. నా మొహం చూడాల్సి వస్తుందని అక్కడే కూర్చుంటోంది.

ఇవాళ ఆపుకోలేక అడిగేశాను. ఆ ఒక్కావిడలాగా నువ్వూ వరస బట్టీ పట్టెయ్యరాదా, స్క్రీన్ మీద నాకు కావలసినట్టు పెట్టు, తర్వాత ట్రేలో నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో, ఎవరు చూడొచ్చారు అన్నాను. నిజంగా తన మంచికే చెప్పాను.

వదిన కంచం తీస్తూ ఆగింది.

"స్క్రీన్ మీద అలవాటైతే ట్రేలోనూ చెయ్యి అదే చేస్తుంది. లాండ్రీకైనా పోతాను గానీ, నా చేతికి ఇది నేర్పను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంత మొండితనం నేనెక్కడా చూడలేదు.

18వ తేదీ, మంగళవారం

పొద్దున వదిన కళ్ళజోడు బల్ల మీదే మరిచిపోయి వెళ్ళింది. నేను సంచిలో వేసుకుని పోయాను గానీ, పనిలో పడి సాయంత్రం ఆరింటి దాకా గుర్తే రాలేదు. కిందికి దిగాను. ఈ ఆసుపత్రిలో చేరి ఐదు నెలలు, పాఠం మీద కూర్చుని మూడు నెలలు. ప్యాకింగ్ గదికి వెళ్ళడం ఇవాళే మొదలు. గౌను తొడుక్కోవాలి, చెప్పులు మార్చుకోవాలి, జుట్టుకి టోపీ పెట్టుకోవాలి. ఆ తంతంతా ఎందుకులే అని ఆపరేషన్ థియేటర్ వాళ్ళిచ్చిన జాబితా, ఒక ఫొటో ముందు పెట్టుకుని గీసేశాను. ఈ మాట ఇదివరకు ఎక్కడా రాసుకోలేదు.

అద్దంలోంచి చూస్తే లోపల వదిన, కొత్తమ్మాయి ఇద్దరే ఉన్నారు. బల్ల మీద నీలం గుడ్డలో కట్టిన మూటలు ఆరో ఏడో ఉన్నాయి. కొత్తమ్మాయి పగలు కట్టినవి. వదిన ఒక్కొక్క మూటా విప్పుతోంది. లోపలివన్నీ బయటకు తీసి, మళ్ళీ పెడుతోంది. కళ్ళజోడు లేదు కదా, ప్రతి పటకారు కొసనీ బొటనవేలితో తడిమి చూసి పెడుతోంది. మొదట సూది పటకారు. తర్వాత పెద్ద కొక్కేలు. రక్తనాళాలు నొక్కిపట్టే క్లాంపులు, కత్తెరలు. అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా పైన, కత్తి పిడి. నా వరసకి సరిగ్గా తలకిందులు. పక్కన కొత్తమ్మాయి పైకి లెక్కపెడుతోంది. నాలుగో మూట వదిన ఆ అమ్మాయిచేతే పెట్టించింది.

అప్పుడు ట్రే చూశాను. జానెడు లోతు ఉంది. నా బొమ్మలో పళ్ళెంలా చదునుగా ఉంది.

గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళి, వదినా ఎందుకిలా తిరగేసి పెడుతున్నావని అడిగాను. తిరిగి చూడకుండానే చెప్పింది.

"తిరగేసింది నువ్వు. మనం కట్టేది వాళ్ళు విప్పుకోడానికి కదా. చివర పెట్టిందే వాళ్ళకి ముందు దొరకాలి."

ఇంతే సంగతి. థియేటర్ వాళ్ళ జాబితా వాడే వరస. ముందు కత్తి, చివర కుట్లు. అదే వరసలో ట్రేలో పెడితే కత్తి అడుగున పడుతుంది, కుట్ల పటకారు పైకి వస్తుంది. అక్కడ డాక్టరు చెయ్యి చాపి నిలబడితే నర్సు అడుగంటా వెతుక్కోవాలి. నేను మూడు నెలలు రంగులేసి, గొంతిచ్చి, పచ్చదీపం పెట్టి నేర్పింది అదీ. ఏమీ తెలియని వాళ్ళందరూ పాసయ్యారు. పంతొమ్మిదేళ్ళ పని తెలిసిన మనిషికి సున్నా వచ్చింది. ఇంట్లో ఇంత మనిషిని పెట్టుకుని గుమాస్తా చేత ఆడించి మురిసిపోయాను. వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యికి ఊరంతా తిరగడమంటే ఇదే.

మరి నాకు విడమరిచి ఎందుకు చెప్పలేదని అడిగాను. మొదట్లో థియేటర్ వాళ్ళదే కొత్త పద్ధతేమో అనుకుందట. అక్కడి నర్సును అడిగితే కాదందట. తర్వాత చెబుదామనుకుని ఆగిందట.

"నీ మొదటి పని. నలుగురిలో నీ పాఠం తప్పని నేనే అంటే ఎలా ఉంటుంది? పోయే లోపల ఈ పిల్లకి నేర్పి పోదామనుకున్నా."

కళ్ళజోడు నా చేతిలోనే ఉండిపోయింది. ఒక మాట అనాలి. అది అనకుండానే కళ్ళజోడు ఇచ్చి వచ్చేశాను.

పాఠంలో తప్పు ఉంది.

19వ తేదీ, బుధవారం

పొద్దున్నే మేట్రన్ గారి గదిలో నిలబడ్డాను. చెప్పేశాను. చదువుకున్నదాన్ని, జాబితా ఉన్నదున్నట్టు గీశాను, ట్రే మొహం చూడకుండా గీశాను, పాతవాళ్ళ మార్కులు తప్పు, తప్పు నాది అని. ఈవిడతో ఎంత సులువుగా అనగలిగాను ఆ ముక్క!

మేట్రన్ గారు వార్డుల్లోంచి పైకొచ్చిన మనిషి, థియేటర్ పని ఎరగరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు.

"జాబితా డాక్టర్లది. అది పనికిరాదంటున్నది సున్నా వచ్చిన మనిషి. ఆవిడ మీ వదిన. పెద్ద డాక్టరుగారికి నేనేమని చెప్పాలి?"

ఆవిడ చెప్పింది న్యాయమే. చివరకు ఒక దారి ఇచ్చారు. ఇరవై ఎనిమిది మారదు. ఆ రోజుకి సరైన పాఠం పట్టుకొస్తే పెద్ద డాక్టరు ముందే పెడతారు. ఆయన ఒప్పుకుంటే ఇదే చివరి పరీక్ష. ఒప్పుకోకపోతే పాత పాఠం, పాత మార్కులు, లాండ్రీ. అప్పటిదాకా కొత్తమ్మాయి కట్టిన మూట వదిన చూడకుండా థియేటర్‌కి పోకూడదని మాత్రం రాసిచ్చారు.

తొమ్మిది రోజులు.

23వ తేదీ, ఆదివారం

భోజనాల బల్ల ఇప్పుడు ప్యాకింగ్ గది. లోతైన బిస్కెట్ల డబ్బా ట్రే. గరిటెలు, చెంచాలు, అట్లకాడ, స్క్రూడ్రైవరు కలిపి పద్నాలుగు. వదిన పెడుతుంది, నేను పైనుంచీ పక్కనుంచీ ఫోన్‌లో తీస్తాను. అన్నయ్య డాక్టరు. పేపరు చదువుకుంటూ, తల తిప్పకుండా చెయ్యి చాపి "కత్తి" అనాలి. నేను నర్సుని, అందించాలి. ముందు నా పాత వరసలో పెట్టించాను. అన్నయ్య "కత్తి" అన్నాడు. డబ్బా మొత్తం గలగలలాడించి వెతికి ఇచ్చేసరికి పేపరు తిప్పేశాడు. "పేషెంటు లేచి ఇంటికి పోయాడు" అన్నాడు. వదిన కడుపు పట్టుకుని నవ్వింది. తను నవ్వి పదిహేను రోజుల పైనే అయింది.

ఆ నవ్వులోనే దొరికింది నాకు పాఠం. పెట్టడం దగ్గరే ఎందుకు ఆపాలి? మూట కట్టాక, అది బల్ల అవతలికి జరగాలి. మన కళ్ళ ముందే విప్పుకోవాలి. నర్సు చెయ్యి లోపలికి రావాలి. సరిగ్గా పెట్టి ఉంటే చెయ్యి వస్తుంది, తీసుకుంటుంది, పోతుంది. తప్పు పెట్టి ఉంటే ఆ చెయ్యి వెతుకుతుంది, మూలన సెకన్లు తిరుగుతూ ఉంటాయి. ఇక ఎర్రదీపం ఎందుకు? ట్రేని పక్కనుంచి అడ్డంగా కోసినట్టు గీశాను, లోతు కనపడేలా.

వదిన ఒక్కటే అడిగింది. ఆ గుర్రుమనే చప్పుడు తీసెయ్యమంది. అది మోగినప్పుడల్లా గదిలో అందరూ తిరిగి చూసేవాళ్ళట. తీసేశాను.

అనాల్సిన మాట ఇవాళా అనలేదు. నవ్వుతోంది కదా, ఇప్పుడెందుకని.

26వ తేదీ, బుధవారం

తల ప్రాణం తోకకొచ్చింది. గుడ్డ మడతలే నలభైసార్లు గీశాను. మనవైపు కొస ముందు మడవాలి, అవతలి కొస చివర. విప్పేటప్పుడు అది ముందు తెరుచుకుంటుంది. గుడ్డకీ అదే న్యాయం.

బొమ్మలో మడిచే చెయ్యి ఎవరిది గీయాలన్న ఆలోచనే రాలేదు. వదిన చెయ్యే గీశాను. మణికట్టు మీద ఆటోక్లేవ్ తలుపు కాల్చిన మచ్చతో సహా.

27వ తేదీ

పాఠంలో తప్పు ఉండచ్చు. అందుకని పాతవాళ్ళు నలుగురికీ చూపించాను. పదకొండు తప్పులు పట్టారు. పది సరిదిద్దాను, పదకొండోది నాకు అర్థం కాలేదు.

28వ తేదీ, శుక్రవారం

రాయడానికి చెయ్యి ఆగడం లేదు. మొదటి నుంచీ రాస్తాను.

పది గంటలకు పెద్ద డాక్టరు వచ్చారు. ప్యాకింగ్ గదిలోనే పెట్టమని మేట్రన్ గారిని బతిమాలుకున్నాను. ఆయనా గౌను తొడుక్కుని, టోపీ పెట్టుకుని లోపలికి రావాల్సి వచ్చింది. గోడ వారగా ఐదుగురూ నిలబడ్డారు. వదిన చేతులు వెనక్కి కట్టుకుంది. నేను నోరు తెరిచేలోపు ఆయనే టాబ్ అందుకుని, ఇరవై ఆరేళ్ళుగా ఈ ఆపరేషన్ చేస్తున్నాను, వరస నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందంటూ లాగడం మొదలుపెట్టారు. ముందు కత్తి పిడి. తర్వాత చిన్న పటకారు. గబగబా పద్నాలుగూ పెట్టేసి నా వైపు చూశారు. మేట్రన్ గారు నేల చూపులు చూస్తున్నారు.

మూట కట్టుకుంది. బల్ల అవతలికి జరిగింది. విప్పుకుంది. నర్సు చెయ్యి వచ్చింది, సూది పటకారు మీద ఆగింది. పక్కకి పెట్టింది. కొక్కెం తీసింది, పక్కకి పెట్టింది. సెకన్లు తిరుగుతున్నాయి. ఇరవై. ముప్ఫై. అడుగు దాకా వెళ్ళి కత్తి పిడి పైకి తెచ్చేసరికి నలభై ఒకటి.

పెద్ద డాక్టరు ఆ నలభై ఒకటి వంక చూస్తూ నిలబడ్డారు. తర్వాత నవ్వారు, పెద్దగా, టోపీ జారేంత నవ్వు.

"ఇన్నేళ్ళూ చెయ్యి చాపితే కత్తి వచ్చేది. అది పైన ఎలా ఉందో, ఎవరు పెట్టారో ఒక్కనాడూ అడగలేదమ్మా."

టాబ్ తనే వదిన చేతికిచ్చారు. వదిన నా వైపు చూడలేదు. వేలు సూది పటకారు మీదికి పోయింది. తర్వాత కొక్కేలు. ఆ వేలు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా బిగుసుకోలేదు. మూట కట్టుకుంది, జరిగింది, విప్పుకుంది. నర్సు చెయ్యి వచ్చింది, తీసుకుంది, పోయింది. వచ్చింది, తీసుకుంది, పోయింది. పద్నాలుగుసార్లు. మూలన సెకన్ల దగ్గర సున్నా ఉండిపోయింది. ఈ పాఠంలో అన్నిటికన్నా మంచి మార్కు సున్నాయే. అలా రావాలని నేను అనుకుని చేయలేదు. ఆ సున్నా చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు.

తర్వాత మిగతావాళ్ళు. నర్సు చేతికి వెతకకుండా దొరికినవి పద్నాలుగు, పద్నాలుగు, పదమూడు. ఆ పదమూడావిడ మధ్యలో ఆగి, ఈ క్లాంపు మూతి వంకర ఇటు కాదు అటు ఉండాలని పెద్ద డాక్టరు ముందే నాతో వాదనకి దిగింది. నిన్నటి పదకొండో తప్పు అదే. ఆయన టాబ్ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఆవిడ చెప్పిందే రైటన్నారు. పద్నాలుగు వేశాను. కొత్తమ్మాయి చివర చేసింది, పద్నాలుగు. ఎవరు నేర్పారని మేట్రన్ గారు అడిగితే వదిన వైపు చూపించింది.

జాబితా ఇవాళే మారింది. ఇకమీద పెట్టే వరస వేరు, వాడే వరస వేరు, రెండూ రాసి గోడకి అంటిస్తారు. లాండ్రీ నోటీసు మేట్రన్ గారు తన చేత్తోనే చింపారు. మిగతా మూడు ఆసుపత్రులకీ కొత్త పాఠం వెళుతుంది. తర్వాతి పాఠం మొదలుపెట్టమన్నారు. వదిన వారానికి రెండు పూటలు మూడో అంతస్తుకి వచ్చి నాకు సాయం చెయ్యాలన్నారు. ఎప్పుడూ నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, అందరి ముందూ కుదరదంది. ట్రే ఉన్నది కింద, గీసేవాళ్ళే కిందికి రావాలంది.

"ఊ" అన్నారు మేట్రన్ గారు.

29వ తేదీ, శనివారం

నా బల్ల కిందికి దిగింది. వదిన బల్లకి ఎదురుగా వేశారు. చెప్పులు మార్చుకుని, టోపీ పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ లేదు, వేడి, ఆటోక్లేవ్ రొద. మూడో అంతస్తుకన్నా ఇదే బాగుంది.

టీ వేళకి వదిన ఒక ఖాళీ ట్రే నా ముందు పెట్టింది. నిజం ట్రే, నిజం పనిముట్లు. పెట్టమంది. పదకొండు సరిగ్గా పెట్టాను. మూడు తప్పు. వదిన అన్నీ బయటకు తీసి, మళ్ళీ నా వైపు జరిపింది. రెండోసారి పద్నాలుగూ వచ్చాయి.

పెట్టడం అయ్యాక, కత్తి పిడి మీది నుంచి చెయ్యి తియ్యకుండానే అన్నాను.

"తప్పు నాది వదినా. నీ చేతిని తప్పు పట్టాను."

వదిన గుడ్డ కొస తనవైపు మడిచింది. తర్వాత పక్కలు, తర్వాత అవతలి కొస.

"ఆ ముక్క ముందే అనాల్సింది" అంది. "పోనీలే. చివర పెట్టావు కదా, పైనే ఉంటుంది."

మూట మీద ఇవాళ్టి తేదీ వేసి, కట్టినవాళ్ళ పేరు దగ్గర నా పేరు రాసింది. దాన్ని నేనే తీసుకెళ్ళి ఆటోక్లేవ్‌లో పెట్టాను.